ధ్రువాల మట్టి పెచ్చులో ఎన్ని జాతులు?

ధ్రువ ప్రాంతాలనగానే మంచే గుర్తుకొస్తుంది గానీ, వేసవిలో బయటపడే నేల కూడా అక్కడ తక్కువేమీ కాదు. 2008 నుంచి మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం నడుస్తున్న, ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లోని న్యూ ఒలెసుండ్ పరిసరాల్లో, హిమానీనదం వెనక్కి తగ్గిన మేరా గులకనేల మీద నల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని పైకెత్తితే మందం కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. అడుగున ఇసుక రేణువులు రాలకుండా వేలాడుతూ కనిపిస్తాయి. వాటిని పట్టి ఉంచేవి సయనోబాక్టీరియా (నీలి ఆకుపచ్చ నాచుగా పిలిచే, కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా) పోగులు, అవి తమ చుట్టూ స్రవించుకునే జిగురు చక్కెరలు. పెచ్చు నల్లగా ఉండటానికి అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే స్కైటోనెమిన్ అనే వర్ణకం ఒక ముఖ్య కారణం.

సూక్ష్మదర్శిని కింద మొదట కళ్లబడేవి లెప్టోలింగ్బియా, ఫార్మిడియం, మైక్రోకోలియస్ అనే సయనోబాక్టీరియా పోగులు. నాస్టాక్ అనే మరో సయనోబాక్టీరియా ముత్యాల సరాల్లా ఉంటుంది. దాని సరంలో అక్కడక్కడా కనిపించే పెద్ద కణాలు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి. మన వరి మళ్లలో జీవన ఎరువుగా వేసే నీలి ఆకుపచ్చ నాచులోనూ ఈ ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) ఉంటుంది కాబట్టి తెలుగు రైతుకు ఇది పూర్తిగా పరాయిది కాదు. వీటి సందుల్లో స్టైకోకాకస్, క్లెబ్సోర్మిడియం, కాక్కోమిక్సా వంటి ఆకుపచ్చ శైవలాలు, పసుపు-ఆకుపచ్చ శైవలమైన జాంతోనెమా, గాజు పెంకుల ఏకకణ శైవలాలైన డయాటమ్‌లు ఉంటాయి.

అయితే ఈ పెచ్చులో ఎన్ని జాతులున్నాయన్న ప్రశ్నకు వచ్చే జవాబు, లెక్కపెట్టిన పద్ధతిని బట్టి మారిపోతుంది. ఆకారం చూసి ఒకే పేరు పెట్టిన పోగులు జన్యుపరంగా దూరపు బంధువులుగా తేలడం ఇక్కడ మామూలే. ఫార్మిడియం ఆటమ్నేల్‌గా చాలాకాలం చలామణీ అయినదాన్ని తర్వాత మైక్రోకోలియస్ ప్రజాతిలోకి మార్చారు. ప్రపంచమంతటా ఉందనుకున్న పిన్నులేరియా బొరియాలిస్ అనే డయాటమ్ నిజానికి అనేక వంశాల సముదాయమని, వాటిలో కొన్ని అంటార్కిటికాకే పరిమితమని తెలిసింది. ప్రయోగశాలలో పెంచి చూద్దామంటే, ఆ పోషక ద్రావణం నచ్చినవే పెరుగుతాయి. డీఎన్ఏ ఆధారంగా లెక్కిద్దామంటే, చలికి డీఎన్ఏ చాలాకాలం చెక్కుచెదరదు కనుక ఎప్పుడో చనిపోయినవాటి పేర్లూ జాబితాకెక్కుతాయి. అందుకే ఏ పద్ధతిలో లెక్కించారో చెప్పని జాతుల సంఖ్యను నేను పెద్దగా నమ్మను.

బతికున్నదేదో తేల్చడంలో ఇంకో చిక్కుంది. అంటార్కిటికాలోని మెక్‌మర్డో డ్రై వ్యాలీస్ అనే పొడి లోయల్లో, దాదాపు రెండు దశాబ్దాలుగా నీరు పారని పాత కాలువలోకి 1994లో శాస్త్రవేత్తలు నీటిని మళ్లించినప్పుడు, ఎండి పడి ఉన్న సయనోబాక్టీరియా చాపలు (చాపలా పరచుకున్న పొరలు) సుమారు వారం రోజుల్లోనే మళ్లీ కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టాయి. మరి అంతకు ముందు రోజు చూసినవారు వాటిని ఏ లెక్కలో వేసేవారు? విచిత్రమేమిటంటే, ధ్రువాల సయనోబాక్టీరియాలో చాలావాటికి అసలు చలి ఇష్టమేమీ కాదు. అవి అన్నిటికన్నా వేగంగా పెరిగేది 15 డిగ్రీల సెల్సియస్ దాటాకే. వాటి గొప్పతనం చలిలో జోరుగా పెరగడంలో కాదు, గడ్డకట్టడాన్నీ ఎండిపోవడాన్నీ తట్టుకుని మళ్లీ తడి తగిలేదాకా ఓపిక పట్టడంలో ఉంది.

కాలంతోపాటు వైవిధ్యం మారిందా అన్నది తెలియాలంటే పాత నమూనాలు కావాలి. కెప్టెన్ స్కాట్ నాయకత్వంలో 1901-1904 మధ్య అంటార్కిటికాకు సాగిన డిస్కవరీ యాత్ర సేకరించిన సయనోబాక్టీరియా చాపలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో భద్రంగా ఉండటంతో, వాటి డీఎన్ఏను నేటి చాపలతో పోల్చగలిగారు. 2017లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం అక్కడి సముదాయం మొత్తం మీద పెద్దగా మారలేదు. అయితే అవి నీటి చాపలే గానీ మట్టి పెచ్చులు కావు. పెచ్చుల విషయంలో అంత పాత ఆధారం దొరకడం కష్టం కాబట్టి, ఇప్పుడు తీసే నమూనాలనైనా ఉత్తరాన హిమాద్రి దగ్గర, దక్షిణాన అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి కేంద్రాల దగ్గర ఒకే పద్ధతిలో తీసి, పెంపకం ఫలితాలనూ జన్యు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి భద్రపరచడం మేలని నా అభిప్రాయం.