దాపటెద్దు

నాన్న పోయాక ఏడాది తిరిగేదాకా మా ఇంట్లో ఎవరమూ కొండ ఎక్కలేదు. సంవత్సరీకం పెట్టి, ఏటి సూతకం తీరాక, అమ్మను తీసుకుని నెల్లూరు నుంచి తిరుపతి బయలుదేరాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడం అమ్మ మోకాళ్ళ వల్ల కాదు కాబట్టి ఘాట్ రోడ్డులో బస్సులోనే వెళ్ళాం. స్వామి ఎదుట దొరికిన ఆ కాసిన్ని క్షణాల్లో అమ్మ చేతులు జోడించడం కూడా మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయింది. బయటికి వచ్చాక, "ఆయన్ని ఒక మాట అడుగుదామనుకున్నాను. తీరా ఎదురుగా నిలబడితే గుర్తు రాలేదు" అంది. ఏ మాటో నేను అడగలేదు.

కిందికి దిగిన సాయంత్రం గోవిందరాజస్వామి గుడి దగ్గర అమ్మ ఇరుగుపొరుగు వాళ్ళకు పంచడానికి పసుపు తాళ్ళు ఏరుతోంది. ఆ పక్కనే ఒక పెద్దాయన నేల మీద గోనెపట్టా పరిచి పాత పుస్తకాలు పెట్టుకున్నాడు. వాటిలో అట్ట ఊడిపోయిన తెలుగు నవల ఒకటి చేతికి వచ్చింది. మొదటి ఆరు పేజీలు చిరిగిపోయాయి. పుస్తకం పేరు లేదు, రాసినవారి పేరూ లేదు. ఏడో పేజీ తెరిస్తే, అప్పుడే ప్రాణం పోయిన ఒక రైతు ఏటి ఒడ్డున ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అవతలి ఒడ్డు కనిపించడం లేదు. ఆ పేజీ అక్కడే, వచ్చేపోయే జనం మధ్య నిలబడి చదివేశాను.

"ఎంత ఇమ్మంటారు?"

"అట్ట లేనిదానికి ఏం చెప్పనమ్మా, నలభై ఇవ్వండి."

ఆ ఏరు ఏదో నాకు తెలుసు. నాన్న పోయిన రోజుల్లో ఇంట్లో గరుడ పురాణం చదివించాం. అందులో వైతరణి ఉంది. గోదానం చేసినవారు ఆవు తోక పట్టుకుని దాన్ని దాటుతారని పెద్దలు చెబుతారు. మాకు ఆవును ఇచ్చే వీలు లేక విలువ కట్టి డబ్బు ఇచ్చాం. అది తప్పని ఎవరూ అనలేదు, అందరూ చేసేదే. కానీ ఆ రాత్రి నుంచి నాకు ఒకటే బెంగ. ఆ చీకట్లో, ఆ నీళ్ళ ముందు, నాన్న చేతికి ఏమి అందుతుంది? నోట్ల కట్ట పట్టుకుని ఎవరైనా ఏరు దాటగలరా?

మా ఇంట్లో భీముడని ఒక తెల్లటి ఎద్దు ఉండేది. ట్రాక్టరు వచ్చాక దాని జత ఎద్దు పోయింది, దీనికీ వయసు మీరింది. అమ్మేయమని ఊళ్ళో చాలామంది చెప్పారు. అమ్మితే కబేళాకే పోతుందని నాన్నకు తెలుసు. ఆరేళ్ళు ఊరికే మేపాడు. పని మానేసి అన్నేళ్ళయినా కాడి ఒరుసుకున్న చోట మెడ మీద కాయ అలాగే ఉండేది. నాన్న రోజూ సాయంత్రం అక్కడ ఆముదం రాసేవాడు, పసిపిల్ల తలకు రాసినట్టు. నాన్న కంటే నాలుగు నెలల ముందు భీముడు పోయింది.

మనం అన్నం పెట్టిన మూగజీవాలు చావుతో మనల్ని విడిచిపోవని నేను చిన్నప్పటి నుంచీ నమ్ముతున్నాను. ఈ మాట అన్నప్పుడల్లా తెలిసినవాళ్ళు కాదన్నారు. పశువుది భోగజన్మ, దానికి కొత్తగా పుణ్యమూ పాపమూ అంటవు అని చెప్పారు. మహాభారతంలో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నప్పుడు నా గుండె పొంగుతుంది. ఆ వెంటనే అది కుక్క కాదు, యమధర్మరాజు అని తేలినప్పుడు ఇప్పటికీ బాధే. అది కుక్కగానే ఆ రథం ఎక్కి ఉంటే ఎంత బాగుండేది!

ఆ రాత్రి లాడ్జిలో అమ్మకు పైకి చదివి వినిపించాను. నవలలో రైతుకూ గోదానం జరగలేదు. పిల్లలకు స్తోమత లేదు. అతను ఏటి ముందు కూర్చుండిపోతాడు. వెనక నుంచి గిట్టల చప్పుడు. ఎప్పుడో చచ్చిపోయిన తన ఎద్దు నడిచి వచ్చి, అతనికి ఎడమ పక్కన ఆగుతుంది. కాడి లేదు, పలుపు లేదు. అతను చీకట్లో తడుముతూ చెయ్యి వేస్తే, మెడ మీద కాయ తగులుతుంది. దాన్ని బట్టి గుర్తు పడతాడు. నా గొంతు పూడుకుపోయి ఆపేశాను. అమ్మ ఏమీ అనలేదు, అటు తిరిగి పడుకుంది. నేను మిగతాది తెల్లవారేదాకా చదివాను. మధ్యలో అరవై పేజీల వేదాంత చర్చ బరువుగానే సాగింది, ఆ ఒక్క ఘట్టం కోసం అదంతా ఓర్చుకోవచ్చు.

మర్నాడు శ్రీకాళహస్తి. కాళహస్తి చూశాక మరో గుడికి పోకుండా నేరుగా ఇంటికి చేరాలన్నది ఆనవాయితీ కాబట్టి దాన్ని చివరికి ఉంచుకున్నాం. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురాన్ని చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. అది 2010లో కూలిపోయింది. ఇప్పుడున్నది కొత్తది. అమ్మ దాన్ని పైదాకా చూసి, "ఆయన ఇది చూడలేదు" అంది.

ఎన్నిసార్లో వచ్చిన గుడి, ఎన్నిసార్లో విన్న కథ. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచి ముక్తి పొందాయి. ధూర్జటి ఈ కథను కావ్యంగా రాశాడు. సాలెపురుగు తన గూడుతోనే స్వామికి గుడి కట్టింది. దీపం అంటుకుని అది కాలిపోతుంటే, ఆ మంటనే మింగబోయి ప్రాణం విడిచింది. దానికి మంత్రం రాదు, దానం తెలియదు. ముక్తి సాలెపురుగుకే వచ్చింది, మారువేషంలో ఉన్న ఏ దేవుడికో కాదు. నా నమ్మకానికి ఇంత పెద్ద సాక్ష్యం ఇంటికి ఇంత దగ్గర ఉండగా, అట్ట లేని నవల చదివేదాకా నాకు తోచనే లేదు. గర్భగుడిలో వాయులింగం దగ్గర, గాలి చొరబడే దారి లేని చోట, దీపం రెపరెపలాడుతోంది. అది లింగం ఊపిరి అంటారు. ఆ వెలుగును చూస్తూ నాన్న పేరు, భీముడి పేరు కలిపి చెప్పుకున్నాను.

నాయుడుపేట దాటాక బస్సులో అమ్మ నిద్రపోయిందనుకున్నాను.

"ఆ ఎద్దు వచ్చి ఏ పక్కన నిలబడిందన్నావు?"

"ఎడమ పక్కనమ్మా."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "భీముడు దాపటెద్దే. కాడికి ఎప్పుడూ ఎడమ పక్కనే కట్టేవారు" అంది. తరవాత తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, నాకు దగ్గరగా జరిగింది.

"అక్కడి నుంచి మళ్ళీ చదువు."