సగం టీచరు, సగం ట్యాబు: ఆరో తరగతికి ముందు మా ఆలోచన

మా అమ్మాయి ఈ జూన్‌లో ఆరో తరగతికి వస్తుంది. తను చదివే బడిలో ఈ ఏడాది కొత్తగా ఒక సెక్షన్ తెరుస్తున్నారు. అందులో లెక్కల పీరియడ్‌లో సగం టీచరు దగ్గర, సగం ట్యాబు ముందు గడుస్తుంది. పాత పద్ధతి సెక్షన్ కూడా ఉంటుంది. ఏది కావాలో నెలాఖరులోగా రాసి ఇమ్మన్నారు. ఇంట్లో నెల రోజులుగా ఇదే చర్చ.

నా భయానికి కారణం ఉంది. 2020లో తను ఒకటో తరగతి. ఆ ఏడాదంతా చదువు ఫోనులోనే సాగింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండుకు మించి వద్దని ఆ జూలైలోనే కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చినా, అప్పుడు తను చదివిన బడి ఆరేళ్ల పిల్లను రోజూ నాలుగు గంటలు తెర ముందు కూర్చోబెట్టింది. తెర మీద వేలితో చక్కగా దిద్దిన అక్షరాలు పెన్సిలు పట్టుకునేసరికి రాలేదు. ఒత్తులు కుదురుగా రాయడానికి రెండో తరగతి మొత్తం పట్టింది.

అయితే అది బడి మూతబడినప్పటి చదువు. ఇప్పుడు మా ముందున్నది టీచరు ఎదురుగా ఉండగా సాగే చదువు కాబట్టి, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని మావారు అంటారు. ఆయన మాటకు బలమిచ్చేది ఢిల్లీలో జరిగిన ఒక అధ్యయనం. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అనే ఆర్థికవేత్తలు 2015లో అక్కడి ప్రభుత్వ బడుల పిల్లల్లో కొందరికి లాటరీ ద్వారా బడి తర్వాత నడిచే కేంద్రాల్లో ఉచితంగా చదువుకునే అవకాశం ఇచ్చి, నాలుగున్నర నెలల తర్వాత మిగతావారితో పోల్చి చూశారు. వారానికి ఆరు రోజులు, రోజుకు 45 నిమిషాలు కంప్యూటర్ మీద, మరో 45 నిమిషాలు చిన్న బృందంలో ఉపాధ్యాయుడి దగ్గర. అవకాశం దొరికిన పిల్లలు లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టంగా ముందుకు వెళ్లారు. చాలామంది తామున్న తరగతికి ఎన్నో మెట్లు కింద ఉన్నవారే. ఆ కంప్యూటర్ ప్రతి పిల్లకూ తన మెట్టు దగ్గర నుంచే లెక్కలు ఇచ్చింది. నలభై మందికి ఒకే పాఠం చెప్పాల్సిన టీచరుకు, ఎంత మనసున్నా, అది సాధ్యం కాదు. కానీ ఆ ఫలితం కంప్యూటర్‌దీ ఉపాధ్యాయుడిదీ కలిపి వచ్చింది. ఈ మాట మాత్రం బళ్ల ప్రకటనల్లో కనిపించదు.

ఈ వేసవి సెలవుల్లో తన లెక్కల యాప్ దగ్గర నేను పక్కనే కూర్చున్నాను. సగానికి మూడో వంతు కలపమని అడిగింది. తను 2/5 నొక్కింది, ఎర్రగా వచ్చింది. 1/6 నొక్కింది, మళ్లీ ఎరుపు. 5/6 నొక్కగానే ఆకుపచ్చ వెలిగి నక్షత్రం వచ్చింది. పాఠం పూర్తయిందని చూపించింది. వెంటనే కాగితం మీద 1/2కు 1/4 కలపమంటే 2/6 అని రాసింది. పైవి పైవీ, కిందవి కిందవీ కలిపేస్తోందన్నమాట.

మా మామగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆ కాగితం చూసి తప్పని అనలేదు. "అమ్మలూ, అరట్టుకు ఇంకాస్త అట్టు కలిపితే అరట్టు కంటే తగ్గిపోతుందా?" అని అడిగారు. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "2/6 అంటే మూడో వంతే కదా తాతయ్యా, అరట్టు కంటే తక్కువ" అంటూ తనే చెరిపేసింది. తప్పు ఎక్కడుందో యాప్‌కు తెలిసింది, ఎందుకు చేసిందో మామగారికి తెలిసింది.

అదే యాప్ భాగహారంలో తడబడుతున్నప్పుడు తనను చప్పుడు లేకుండా మూడో తరగతి తీసివేతలకు తీసుకెళ్లి పది రోజులు సాధన చేయించింది. తరగతిలో అందరి ముందు ఆ మాట ఒప్పుకోవడానికి మా పిల్ల సిగ్గుపడేది. ఆ మేలును కాదనలేను.

అందుకే బడికి వెళ్లినప్పుడు ట్యాబు ఏ కంపెనీదని అడగలేదు. పిల్లలు ట్యాబు చూస్తున్నంతసేపూ టీచరు ఏం చేస్తారని అడిగాను. సగం మంది ట్యాబు దగ్గర ఉంటే మిగతా ఇరవై మందిని తన చుట్టూ కూర్చోబెట్టుకుంటారట. ఎవరు ఏ లెక్క ఎన్నిసార్లు తప్పారో శుక్రవారం చూసుకుని, సోమవారం ఆ పిల్లలను కాగితంతో దగ్గరకు పిలుస్తారట. ఆ జవాబుతో నా మనసు కుదుటపడింది. ఇంటికి ట్యాబు పంపవద్దని, ట్యాబు మీద చేసే ప్రతి లెక్కకూ మెట్లు నోటుబుక్కులో రాయించాలని కోరాము, ఒప్పుకున్నారు.

కొత్త సెక్షన్‌కే సంతకం పెట్టాము. జూన్‌లో కొనాల్సిన వాటిలో రెండు వందల పేజీల రఫ్ నోటుబుక్కులు మరో నాలుగు రాసుకున్నాను.