అమ్మతో పంచారామాలు: ఒక కార్తీక సోమవారం

కార్తీకం వచ్చిందంటే మా అమ్మ నోట ఒకటే మాట. ఒంట్లో ఓపిక ఉండగానే పంచారామాలు చూసెయ్యాలి, అదీ సోమవారం నాడు, ఒక్క రోజులో ఐదు శివాలయాలూ. మొన్నటి కార్తీకంలో ఆ కోరిక తీరింది. అమ్మకు డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, బీపీ, షుగర్. పెద్దమ్మ కూడా బయలుదేరింది. ఇలాంటి పెద్దవాళ్ళను తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది విజయవాడ సత్యనారాయణపురం. కార్తీక మాసంలో ఆర్టీసీ పంచారామాలకు స్పెషల్ బస్సులు వేస్తుంది. ఆదివారం రాత్రి బయలుదేరితే సోమవారం ఐదు గుళ్ళూ తిప్పి తీసుకొస్తారు. కారు మాట్లాడుకుందామని మా ఆయన అన్నారు కానీ నేను బస్సే అన్నాను. పార్కింగ్ వెతుక్కునే గోల ఉండదు, దారంతా డ్రైవర్లకు కొట్టిన పిండి. టికెట్లు మాత్రం ముందే చేయించాలి. మెట్లెక్కి దిగే బాధ తగ్గుతుందని ముందు వరుసలో సీట్లు తీసుకున్నాను.

అసలు చిక్కు ఉపవాసం దగ్గర వచ్చింది. కార్తీక సోమవారం పగలంతా ఉపవాసముండి, సాయంత్రం నక్షత్రం చూశాకే తినడం అమ్మకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఖాళీ కడుపున మాత్రలు వేసుకుని క్యూలో నిలబడితే ఏమవుతుందోనని నాకు టెన్షన్. డాక్టరుగారిని అడిగితే ఏమీ తినకుండా మాత్రలు వేసుకోవద్దని గట్టిగా చెప్పారు. ఆ మాట నేను చెప్తే అమ్మ వినదు. అందుకే మా వీధి గుడి పంతులుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. "మందులు వాడేవాళ్ళకు పాలు, పళ్ళు దోషం కాదమ్మా. శివుడు మిమ్మల్ని రమ్మన్నాడు కానీ పడిపొమ్మన్లేదు" అన్నారాయన. ఆ ఒక్క మాటతో పని అయిపోయింది. ఫ్లాస్కులో పాలు, అరటిపళ్ళు, ఖర్జూరాలు సర్దుకున్నాం. మాత్రల వేళలకు ఫోనులో అలారం పెట్టాను.

చీకటి ఉండగానే అమరావతి చేరాం. కృష్ణ ఒడ్డున ఘాట్ మీద అప్పటికే జనం. అమ్మ నీళ్ళలోకి దిగుతానంది కానీ రాళ్ళు నాచు పట్టి జారుతున్నాయి. నేను చెంబుతో నీళ్ళు ముంచి నెత్తిన పోస్తే సరేనంది. అరటి దొప్పలో దీపం పెట్టి వదిలి గుడికి వెళ్ళాం. అమరేశ్వరుడి లింగం చాలా ఎత్తు. అర్చకులు పీఠం ఎక్కి నిలబడి అభిషేకం చేస్తారు. తారకాసురుడి మెడలోని లింగాన్ని కుమారస్వామి ఛేదిస్తే ఐదు ముక్కలై ఐదు చోట్ల పడిందని, ఇక్కడి ముక్కను ఇంద్రుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఇప్పుడు మనం చూసే గుడికి పెద్ద ఎత్తున మరమ్మతులు చేయించింది అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. బాలచాముండిక అమ్మవారి దగ్గర పెద్దమ్మ కుంకుమ పూజ చేయించుకుంది.

భీమవరం చేరేసరికి ఎండ ఎక్కింది. దారిలో రెండువైపులా చేపల చెరువులే. గునుపూడి సోమేశ్వరుడి గుడి ముందు కోనేరు ఉంది. చంద్రుడు ప్రతిష్ఠించిన ఈ లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా మారుతుందని చెబుతారు. స్వామి కింద ఉంటే అన్నపూర్ణాదేవి సరిగ్గా ఆయన పైఅంతస్తులో ఉంటుంది. శివుడి నెత్తిన అమ్మవారు ఉండడం ఇంకెక్కడా చూడలేదని పెద్దమ్మ ఒకటే పొంగిపోయింది. మెట్ల సంగతి నేను మొదట తలుచుకున్నది ఇక్కడే.

పంచారామాలకు పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు తెలుసుకోవలసింది ఈ మెట్ల గురించే. క్యూ ఎంతసేపని అందరూ అడుగుతారు, మెట్లెన్నని ఎవరూ అడగరు. పాలకొల్లులో ఆ బాధ లేదు. తొమ్మిది అంతస్తుల గాలిగోపురం దూరం నుంచే కనబడుతుంది. లోపల క్షీరారామలింగేశ్వరుడు పాలలాగే తెల్లగా ఉంటాడు. దర్శనం నేల మీదే. అందుకని అక్కడ అమ్మను కాసేపు మండపంలో కూర్చోబెట్టి, పాలు తాగించి, మోకాళ్ళకు మందు రాశాను. తరవాత వచ్చే రెండు గుళ్ళకూ ఈ కాస్త విశ్రాంతే ఆదుకుంది.

గోదావరి దాటి ద్రాక్షారామం చేరాం. భీమేశ్వరస్వామి, మాణిక్యాంబ. అష్టాదశ శక్తిపీఠాల్లో ఇదీ ఒకటి కాబట్టి రద్దీ మరీ ఎక్కువ. ఇక్కడ లింగం రెండంతస్తుల ఎత్తు. కింద నుంచి చూస్తే అడుగుభాగం, మెట్లెక్కి పైకి వెళ్తే శిరోభాగం. పూజలు, అభిషేకాలు జరిగేది పైనే. ఆ మెట్లు పాతకాలపు రాతి మెట్లు. అందరి తడి పాదాలకు, ఒలికిన నూనెకు నున్నగా ఉన్నాయి. అమ్మ కుడిచెయ్యి గోడ మీద, ఎడమచెయ్యి నా భుజం మీద. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, "నమశ్శివాయ" అనుకుంటూ ఎక్కింది. వెనక కుర్రాళ్ళు తోసుకుంటుంటే పెద్దమ్మ వెనక్కి తిరిగి, "ఆగండి నాయనా, పెద్దావిడ ఎక్కుతోంది" అంది. పాపం, వాళ్ళు వెంటనే ఆగారు. ఒకబ్బాయి అయితే పైదాకా అమ్మ మోచెయ్యి పట్టుకునే ఉన్నాడు.

పైన లింగం మీద నలుపు తెలుపు చారలు దీపాల వెలుగులో బాగా కనబడ్డాయి. కదలండి కదలండి అంటున్నా అమ్మ చేతులు జోడించి నిలబడిపోయింది. కిందికి వచ్చాక, "కింద చూసిందీ స్వామే, పైన చూసిందీ స్వామే, రెండూ కలిపి ఒక్కసారి చూడ్డానికి మాత్రం కుదరదు కదే" అంది. నాకు ఆ మాట చాలా నచ్చింది.

సామర్లకోట చేరేసరికి పొద్దు వాలుతోంది. కుమారారామం తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడు కట్టించిన గుడి. స్వామి పేరు కుమార భీమేశ్వరుడు, అమ్మవారు బాలాత్రిపురసుందరి. ఇదీ రెండంతస్తులే. లింగం కింద మొదలై పైఅంతస్తులోకి వస్తుంది. పెద్దమ్మ కింద దర్శనంతో చాలనుకుని నంది దగ్గర కూర్చుంది. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు, ఎక్కింది. దిగి వచ్చి ఆవరణలో ఉసిరికాయ మీద దీపం, మూడువందల అరవై ఐదు వత్తుల దీపం వెలిగించింది. అప్పటికి నక్షత్రం కనబడింది. బయట బండి మీద వేడి ఇడ్లీ తెచ్చి ఇద్దరికీ పెట్టాను.

వెళ్ళేవాళ్ళకు ఇంకో రెండు మాటలు. ఆర్టీసీ బస్సులన్నీ ఒకేలా ఉంటాయి, దిగగానే బస్సు నంబరు ఫోటో తీసుకోండి, డ్రైవరు ఫోన్ నంబరు రాసుకోండి. చెప్పులు బస్సులోనే వదిలేస్తే సగం పని తగ్గుతుంది, అయితే మధ్యాహ్నం నేల కాలుతుంది కాబట్టి పెద్దవాళ్ళకు మేజోళ్ళు ఉంచండి. ఒక్క రోజులో ఐదూ చూడాలన్న పట్టింపు లేకపోతే, నా మాట విని మామూలు రోజుల్లో రెండు రోజులు పెట్టుకోండి. మధ్యాహ్నం గుడి తలుపులు మూసే వేళ మాత్రం చూసుకోవాలి. ద్రాక్షారామంలో ఒక పూటైనా ఉండాలి, తోపులాటలో చూసి వచ్చే గుడి కాదది. అమ్మతో ఇదే చెబితే, "సోమవారం పుణ్యం వేరమ్మా" అంది. పెద్దమ్మ కూడా ఆవిడ వైపే.