షుగర్ ఉన్నవాళ్ల నడక ఏ వేళకి?

నెల్లూరులో తెల్లవారుజామున ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో గంట నడిచి, మధ్యాహ్నం చేపల పులుసుతో కడుపునిండా అన్నం తిని పడుకునే షుగర్ పేషెంట్లు చాలామంది. పొద్దుటి నడక మంచిదే. కానీ రక్తంలో షుగర్ ఎగబాకేది తిన్నాకే, కండరం అవసరం అప్పుడే ఎక్కువ.

గ్లూకోజు కండర కణంలోకి పోవాలంటే గ్లూట్-4 అనే ప్రోటీను కణం పైపొరకి రావాలి. దాన్ని రప్పించేది ఇన్సులిన్. టైప్-2 షుగర్‌లో ఆ పిలుపు కణానికి సరిగ్గా అందదు. అయితే కండరం ముడుచుకున్నప్పుడు లోపల కాల్షియం పెరిగి, ఏఎంపీకే అనే ఎంజైము మేలుకొని, ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే గ్లూట్-4 పైకొస్తుంది. షుగర్ వచ్చినా ఈ దారి మూసుకుపోదు. నాకు కొండంత ధైర్యమిచ్చే సంగతి ఇదే.

పనిచేసే కండరం పక్క అవయవాలకీ కబురు పంపుతుంది. అది రక్తంలోకి వదిలే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి ప్రోటీన్లకి కోపెన్‌హాగన్‌లో బెంటే పెడర్సన్ బృందం 2003లో మయోకైన్లని పేరు పెట్టింది. ఈ ఇంటర్‌ల్యూకిన్-6 పేగుల్లోని ఎల్ కణాల చేత జీఎల్‌పీ-1 అనే హార్మోనుని ఎక్కువగా తయారు చేయిస్తుందని 2011లో ఎలుకల్లో తేలింది. జీఎల్‌పీ-1 అందితే క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ వదులుతాయి. పొట్ట కొవ్వు నుంచి రోజంతా ఊరే ఇంటర్‌ల్యూకిన్-6 మాత్రం చెరుపే చేస్తుంది. కండరం నుంచి వచ్చేది పెరిగి, వెంటనే తగ్గిపోతుంది, తేడా అక్కడుంది.

అందుకే మధ్యాహ్నం, రాత్రి తిన్న అరగంటలోపు 10-15 నిమిషాలు నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. రోహిణి కార్తె ఎండల్లో వసారాలోనే అటూ ఇటూ తిరగండి. నడక ఫలం ఒకటి రెండు రోజులే నిలుస్తుంది కాబట్టి వరసగా రెండు రోజులకి మించి మానొద్దు.

గ్లిమిపిరైడ్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి షుగర్ పడిపోయే ప్రమాదముంది. తొడకి సూది వేసుకొని వెంటనే నడిస్తే మందు త్వరగా రక్తంలో కలుస్తుంది, ఆ పూట పొట్టకి వేసుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు నడకకి ముందు షుగర్ 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని బయల్దేరాలి. వణుకు, చెమట పట్టి 70 లోపుకి దిగితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగి, 15 నిమిషాలకి మళ్లీ చూసుకోవాలి. 250 దాటి, మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు) కూడా ఉంటే నడక వద్దు, డాక్టరు దగ్గరికెళ్లండి.

మైపాడు ఇసుకలో వట్టికాళ్లతో నడవడం ఎంత హాయైనా, అరికాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు ఆ పని చేయకండి. గవ్వ ముక్క గుచ్చుకున్నా తెలియదు. బూట్లలో చెయ్యి పెట్టి రాళ్లు లేవని చూసుకొని తొడుక్కోండి, ఇంటికొచ్చాక వేళ్ల సందులు కూడా చూసుకోండి.