మూడు డిగ్రీలు తగ్గిన రోజు

రోహిణి కార్తె, కావలి.

తెల్లారేసరికి పడమటి గాలి ఆగిపోయింది. నిన్నటిదాకా మధ్యాహ్నం తలుపు తీస్తే కళ్ళు మండేవి, పెదాలు పగిలేవి. ఇవాళ వేపచెట్టు ఆకు కదలడం లేదు. ఆరింటికే జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. రాత్రి మిద్దె మీద ఆరేసిన బట్టలు పొద్దునకీ తడిగానే ఉన్నాయి. మొన్న ఇవే బట్టలు పిండి ఆరేసిన కాసేపటికే పెళపెళలాడాయి.

ఫోన్‌లో వాతావరణం చూశాను. నిన్న 41, ఇవాళ 38 ఉంటుందని అంచనా. కింద ఒక్క ముక్క: కోస్తాలో వేడి, తేమతో కూడిన అసౌకర్య వాతావరణం ఉండే అవకాశం. ఎరుపు రంగు హెచ్చరిక లేదు, వడగాడ్పు మాట లేదు. మా ఆయన పక్కనుంచి చూసి, "హమ్మయ్య, మూడు డిగ్రీలు తగ్గుతుందంట" అన్నారు. ఊళ్ళో చాలామంది ఇదే అనుకుని ఉంటారు. నాకు మాత్రం ఇలా తగ్గిన రోజంటేనే భయం.

బడిలో పిల్లలకి నేను ఏటా చెప్పే పాఠమే ఇది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, పట్టిన చెమట ఆరితే చల్లబడుతుంది. ఆరేటప్పుడే అది ఒంట్లో వేడిని వెంట తీసుకుపోతుంది. గాలిలో ముందే నీటి ఆవిరి నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. నీళ్ళు పోతాయి, ఉప్పు పోతుంది, వేడి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. ఉష్ణోగ్రత, తేమ కలిపి ఒంటికి ఎంత వేడిగా తెలుస్తుందో లెక్కకట్టే పట్టిక ఒకటుంది. 41 డిగ్రీలకు తేమ 25 శాతమే ఉంటే ఒంటికి 43 లాగా ఉంటుంది. అదే 38కి తేమ 50 శాతం తోడైతే 48 దాటుతుంది. అదీ నీడలో ఉన్న మనిషికి. నెత్తిన ఎండ పడుతుంటే ఇంకో ఏడెనిమిది డిగ్రీల దాకా కలుపుకోవాలి. థర్మామీటరు మూడు డిగ్రీలు దిగితే, ఒంటి మీద ఐదు డిగ్రీలు పెరిగినట్టు.

మా తీరంలో ఈ మార్పు ఒక్క రాత్రిలో వచ్చేస్తుంది. పడమటి నుంచి వచ్చేది పొడిగాలి. అది గట్టిగా వీచినంత సేపూ తుమ్మలపెంట వైపు నుంచి సముద్రపు గాలి ఊళ్ళోకి రాలేకపోతుంది. ఆ పడమటి గాలి నెమ్మదించిందా, సముద్రం మీది తేమ లోపలికి వచ్చేస్తుంది. మే నెలలో బంగాళాఖాతం నీళ్ళే 30 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఇక ఆ గాలికి చల్లదనం ఎక్కణ్ణించి వస్తుంది? అన్నిటికన్నా ఘోరం ఈ రెండు గాలులూ సరిసమానంగా ఉండి ఏదీ వీచని పూట. ఇవాళ మధ్యాహ్నం దాకా అదే.

వడగాడ్పు అనడానికి వాతావరణ శాఖకి ఒక లెక్క ఉంది. మైదానంలో కనీసం 40, తీరంలో 37 ఉండాలి. దాంతోపాటు మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేదంటే మైదానంలో నేరుగా 45 తాకాలి. తీరానికి తక్కువ పెట్టడం మంచిదే. కానీ మే నెలాఖరుకి మాకు మామూలే 39, 40 దగ్గర. దాని మీద ఇంకో నాలుగున్నర ఎప్పటికి దాటాలి? ఇవాళ్టిలాంటి రోజులు ఆ లెక్కకి దొరకవు. దొరకనంత మాత్రాన మనుషులు పడిపోకుండా ఉంటారా?

పక్కింటి వాళ్ళ మొదటి అంతస్తు స్లాబు ఇవాళే. ఐదింటికే కాంక్రీటు కలిపే మిల్లరు శబ్దం మొదలైంది. పన్నెండు లోపు ముగించేయాలని మేస్త్రీ అనుకున్నాడు. మధ్యలో మిల్లరు మొరాయించింది, బాగుచేసేసరికి పదిన్నర. స్లాబు సగంలో ఆపితే అతుకు పడుతుంది, తర్వాత అక్కడే నీళ్ళు కారతాయి. అందుకని ఎవరూ ఆపరు. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. ఆడవాళ్ళు వరసగా నిలబడి కాంక్రీటు బొచ్చెలు చేతి నుంచి చేతికి అందిస్తూనే ఉన్నారు.

నేను గోడ దగ్గరికి వెళ్ళి, కాసేపు ఆపమని మేస్త్రీకి చెప్పాను. "నిన్నటికన్నా ఇవాళే నయం గదమ్మా, ఎండ తగ్గిందిగా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు. మబ్బు పలచగా పట్టి ఎండ చురుక్కుమనడం లేదు. చురుక్కుమంటే మనిషి తనంతట తనే నీడకి పోతాడు.

వరసలో చివర ఉన్న ఆమెకి నలభై ఏళ్ళుంటాయి. మోచేతుల నుంచి చెమట ధారగా కారి ఇసుకలో పడుతోంది. చీర మీద వేసుకున్న మగవాళ్ళ చొక్కా పిండేయొచ్చు, అంత తడి. బొచ్చె అందుకోబోయి రెండుసార్లు చేయి తప్పింది. తర్వాత ఇసుక కుప్ప పక్కన చతికిలబడి పిక్కలు పట్టుకుంది. చూస్తుండగానే ఆ పిక్క కండ గట్టిపడి ముడి పడింది. పొద్దున్నుంచీ మంచినీళ్ళు తాగుతూనే ఉందట. నీళ్ళతో పాటు పోయిన ఉప్పు తిరిగి రాకపోతే జరిగేది ఇదే.

మా వరండాలోకి తీసుకొచ్చి పడుకోబెట్టాం. చొక్కా తీయించి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, తడి తువ్వాలు మెడకీ చంకల్లోకీ వేశాను. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించాను. "ఏ ఊరమ్మా? పిల్లలెంతమంది?" అని మాట్లాడిస్తూనే ఉన్నాను. కబుర్ల కోసం కాదు. మాట తడబడినా, అడిగినదానికి సంబంధం లేని జవాబు వచ్చినా అది వడదెబ్బ కింద లెక్క, ఒంటి వేడి 40 దాటి మెదడు మీద పనిచేస్తోందని అర్థం. అప్పుడు 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపే ఒళ్ళంతా నీళ్ళు పోసి తడపాలి, ఆగకూడదు. దేవుడి దయవల్ల ఆమె మాట సరిగ్గానే ఉంది. బోగోలు పక్కన ఊరు, ఇద్దరాడపిల్లలు. అరగంటకి తేరుకుని, లేచి మళ్ళీ పనిలోకి పోబోయింది. నేను పోనివ్వలేదు. కూలి తెగ్గొయ్యొద్దని మేస్త్రీ దగ్గర మాట తీసుకున్నాను. మిగతా వాళ్ళ కోసం బిందెడు నిమ్మకాయ నీళ్ళు ఉప్పు, పంచదార వేసి కలిపి పంపాను.

2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఎండలకి మూడు వేల మందికి పైగా పోయారు. 2015 మే నెలాఖరులో మన రాష్ట్రంలోనే వెయ్యి దాటారు, పక్కనున్న ప్రకాశం జిల్లా బాగా దెబ్బతింది. అవి 44, 46 అని పేపర్లో పెద్దక్షరాలు పడ్డ రోజులు, అందరికీ గుర్తుంటాయి. 38 పేపర్లో పడదు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. రొయ్యల గుంటల దగ్గర వాడికి వేరే టెన్షన్. నీళ్ళు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, తెల్లవారుజామున మరీ అడుగంటుతుంది. రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాల్సిందే, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి. "నిద్ర లేదక్కా" అన్నాడు. రొయ్యల సంగతి సరే, నువ్వు నీళ్ళు తాగుతున్నావా అంటే నవ్వాడు.

ఇక అమ్మ. డెబ్బై దాటాయి. బీపీకి వేసుకునే మాత్రల్లో ఒకటి ఒంట్లో నీటిని బయటికి పంపేది. ఎప్పుడడిగినా "దాహం లేదే" అంటుంది. ఆ వయసులో ఒంట్లో నీళ్ళు తగ్గినా దాహం సరిగ్గా తెలియదు. అందుకని అడగడం మానేసి, గంటకోసారి గ్లాసు చేతికిస్తున్నాను. ఎన్ని నీళ్ళు తాగాలో, మాత్ర అలాగే వేసుకోవచ్చో లేదో రేపు డాక్టరుగారిని అడగాలి. పడగ్గదిలో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వేడిగానే ఉంది. పగటి వేడిని ఒళ్ళు దించుకునేది రాత్రిపూటే. ఆ రాత్రి 30 దగ్గర ఆగిపోతే మర్నాటి ఎండలోకి అలసిన ఒంటితోనే దిగుతాం.

స్లాబు మధ్యాహ్నం మూడున్నరకి అయిపోయింది. మేస్త్రీ బిందె తిరిగిచ్చి పోవడానికి వచ్చాడు. ముసునూరులో సోమవారం ఇంకో స్లాబు ఉందన్నాడు. డిగ్రీలు ఒక్కటే చూడొద్దని, తేమ ఎంతుందో, గాలి ఎటునుంచి వస్తుందో కూడా చూసుకోమని ఫోన్‌లో చూపించాను. లైట్లు కట్టుకుని రాత్రి రెండింటికే మొదలుపెడితే తొమ్మిదికల్లా అయిపోతుంది కదా అన్నాను. "మాదేముందమ్మా, మేం వస్తాం. ఇంటాయన ఒప్పుకోవాల, రాత్రి మిల్లరుకి బాడుగ ఎక్కువడుగుతారు" అన్నాడు. ఆ ఇంటాయన నంబరు రాయించుకున్నాను. వాళ్ళమ్మాయి మా బడిలోనే చదివింది. రేపు పొద్దున మాట్లాడతాను.