ఈ ఎండలకి ఏం చదవమంటారు?

మేం తొమ్మిదిమందిమి. పుస్తకాల పిచ్చి తప్ప మమ్మల్ని కలిపేది ఇంకేదీ లేదు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం వచ్చే ముందు ఒకరు చదవదగ్గ పుస్తకాల పేర్లు రాసి మిగతావాళ్లకి ఇవ్వాలి. ఆ కాలం అయిపోయాక అందరం కూర్చుని వాటి గురించి మాట్లాడుకోవాలి. పోయిన ఎండాకాలం వంతు నాకొచ్చింది.

వారం రోజులు కూర్చుని 14 పేర్లు రాశాను. సముద్రం ఉన్నవి, సెలవులకి ప్రయాణం కట్టేవి, మండుటెండలో హత్య జరిగేవి. ఎండాకాలం కదా, పుస్తకంలోనూ ఎండ ఉండాలనుకున్నాను. అసలు సంగతేమిటంటే, అందులో 5 నేను చదవనేలేదు. బాగుంటాయని ఎవరో అంటే విని పెట్టేశాను.

మాట్లాడుకునే రోజు వచ్చేసరికి ఒక్క పుస్తకమైనా పూర్తిచేసినవాళ్లు ఇద్దరే. మాలో అందరికన్నా పెద్దాయన ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది. "నువ్విచ్చినవన్నీ చదవాలంటే నేను ఇంకోసారి రిటైర్ కావాలమ్మా" అన్నారు. దానికి నవ్వేశాను. ఆ వెంటనే ఇంకొకావిడ, "ఇంతకీ ఆ చెల్లెలు ఇల్లు ఎందుకు వదిలిపోయిందంటావు? నాకు అంతుపట్టలేదు" అని అడిగింది. ఏ చెల్లెలో, ఏ ఇల్లో! ఆ 5లో ఒకటి అది. చదవలేదని అందరి ముందూ ఒప్పుకోవాల్సి వచ్చింది.

పరువు దక్కించుకోవాలని వానాకాలం వంతు కూడా నేనే అడిగి తీసుకున్నాను. ఈసారి పుస్తకాల అలమర వైపు చూడకుండా ముందు మనుషుల్ని అడిగాను, రోజుకి ఎంతసేపు దొరుకుతుందని. పడుకునే ముందు ఓ అరగంట అన్నారు చాలామంది. గడియారం పెట్టుకుని నా వేగం చూసుకుంటే పేజీకి 2 నిమిషాలు పట్టింది. అంటే రోజుకి 15 పేజీలు, 300 పేజీల నవలకి 20 రోజులు, అదీ ఒక్కరోజు కూడా నాగా పెట్టకపోతే. (ఇంగ్లీషు చదివే పెద్దవాళ్లు నిమిషానికి సగటున 240 పదాల దాకా చదువుతారని ఒక లెక్క ఉంది. దాన్ని తెలుగుకి తగిలించి లాభం లేదు. మన 'చదవలేకపోయినవాళ్లకి' అన్న ఒక్క మాట వాళ్లకి ఆరు ముక్కలు.) అందుకే పద్నాలుగు కాస్తా మూడయ్యాయి. అందులోనూ లావుపాటిది ఒక్కటే. మూడూ నేను చదివినవే.

ఇక ఢోకా లేదనుకున్నాను. ఆ మూడింటిలో నెమ్మదిగా సాగే నవల ఒకటుంది, వానలో చదవడానికి దాన్ని మించింది లేదని నా నమ్మకం. అది మంచాన పడ్డ తండ్రి పక్కన కూతురు కూర్చున్న చోట మొదలవుతుంది. మాలో ఒకమ్మాయికి రెండు నెలల ముందే నాన్న పోయారు. నాకు తెలియక కాదు. ఆ నవల అనగానే నాకు గుర్తొచ్చేది ఆఖర్లో కురిసే వాన. మొదలు ఎలా ఉంటుందో ఎప్పుడో మర్చిపోయాను. ఆ అమ్మాయే ఫోన్ చేసి, "పదకొండో పేజీ దగ్గర మూసేశాను అక్కా, ఏమనుకోకు" అంది. క్షమాపణ చెప్పాల్సింది నేనైతే తను చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ తోచలేదు.

అప్పటినుంచీ ప్రతి పేరు కిందా ఒక వాక్యం రాస్తున్నాను, ఈ పుస్తకం ఇప్పుడు ఎవరికి వద్దో. 'పేర్లు ఎక్కువ, మొదటి 40 పేజీలు ఓపిక లేనివాళ్లు పట్టుకోకండి.' 'ఇందులో పసిబిడ్డ చనిపోతుంది.' ఇలా రాస్తే కథ తెలిసిపోతుందని ఒకరిద్దరు గొణిగారు. తెలిసిపోనివ్వండి. నాకు మాత్రం దీనివల్ల ఇంకో మేలు జరిగింది, ఈ ఒక్క వాక్యం రాయడానికి పుస్తకం మళ్లీ మొదటినుంచీ తిరగెయ్యక తప్పడం లేదు.

ఈ ఎండాకాలం మళ్లీ నాకే అప్పజెప్పారు. ఈసారి ఎండకి ఎండ జతచేయలేదు. 'ఫ్రాంకెన్‌స్టైన్' పెట్టాను. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. దాని ప్రభావంతో 1816లో యూరప్‌లో చాలాచోట్ల ఎండాకాలమే సరిగ్గా రాలేదు. జెనీవా సరస్సు దగ్గర దిగిన కవులూ వాళ్ల స్నేహితులూ వానకి ఇంట్లోంచి కదల్లేక, తలా ఒక దయ్యం కథ రాద్దామనుకున్నారు. వాళ్లలో ఉన్న 18 ఏళ్ల మేరీ షెల్లీ మొదలుపెట్టిన కథే 1818లో ఈ పుస్తకమై వచ్చింది. అది తెరుచుకునేదే ఉత్తరధ్రువం వైపు వెళ్తూ మంచులో చిక్కుకునే ఓడతో. బయట నిప్పులు చెరుగుతుంటే చదవడానికి ఇంకేం కావాలి? 'రాత్రి ఒంటరిగా ఉండేవాళ్లు పగలు చదువుకోండి' అని కింద రాశాను.

రెండోది కథల సంపుటి, అది అరగంటవాళ్ల కోసం. మూడోది ఋతుసంహారం, ఋతువుల మీద కాళిదాసు రాశాడని చెప్పే సంస్కృత కావ్యం. గ్రీష్మంతో మొదలై వసంతంతో ముగిసే ఆరు సర్గలు. అయితే ఒక షరతు పెట్టాను: ఇప్పుడు మొదటి సర్గ మాత్రమే, మిగతావి ఆయా ఋతువులు వచ్చాకే. వేడికి తాళలేక కప్ప వెళ్లి పాము పడగ నీడన చేరుతుంది అందులో. ఎండ గురించి అంతకన్నా ఎవరు మాత్రం ఏం చెప్తారు?

మొన్న కూర్చున్నప్పుడు ఏడుగురు కనీసం ఒకటైనా పూర్తిచేసి వచ్చారు. మంచు ఓడ ఇద్దరికి అస్సలు నచ్చలేదు, దాని మీదే గంటసేపు వాదన నడిచింది. పెద్దాయన మాత్రం నా షరతు తప్పారు, ఎండ తగ్గకముందే వర్షం సర్గ చదివేశారు. వచ్చే వానాకాలం వంతు ఆయనదే. ఇప్పటికే 11 పేర్లు రాసి పెట్టుకున్నారట.