సవానాలో బాపు, పత్తి, మక్క గటక

నవంబర్‌లో మూడు రోజుల సెలవు కలిసొస్తే ఎక్కడికి పోదామని ఇంట్లో వారం రోజులు చర్చ. స్మోకీ మౌంటెన్స్ అంటే అమ్మ చలికి భయపడింది, ఫ్లోరిడా అంటే అంత దూరం డ్రైవింగ్ తన వల్ల కాదని మా ఆయన అన్నాడు. చివరికి జార్జియా తీరంలో ఉన్న సవానా ఖాయమైంది. అట్లాంటా నుంచి 250 మైళ్లు, నాలుగు గంటలు. పరకాల దగ్గర పల్లె నుంచి వచ్చిన బాపుకి సముద్రం చూపించొచ్చు అనుకున్నా.

మేకన్ దాటి ఐ-16 ఎక్కాక స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే రోడ్డు, రెండు పక్కలా పైన్ చెట్లు, నిద్ర తప్ప ఇంకేం రాదు. గ్యాస్ కోసం ఒక ఎగ్జిట్ దిగితే బంకు వెనక తెల్లగా పత్తి చేను. బాపు కాఫీ కప్పు కారు మీద పెట్టి అటే నడిచాడు. చేనంతా విచ్చుకుంది, ఒక్క మనిషి లేడు. పక్క చేను అప్పటికే ఏరేసినట్టుంది, పసుపు ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి పత్తి కట్టలు ఒక్కోటి మనిషంత ఎత్తున దొర్లించి ఉన్నాయి. "ఏరెటోళ్లేరి బిడ్డా?" అన్నాడు. మిషన్ ఏరుతుందని చెప్పా. ప్రతి ఏడూ కూలీలు దొరక్క తిప్పలు పడే మనిషి కదా, కారెక్కాక కూడా చాలాసేపు మాట్లాడలేదు.

ఊరి మధ్యలో రూముల రేట్లు చూసి దండం పెట్టి ఎయిర్‌పోర్ట్ వైపు పూలర్‌లో తీసుకున్నాం. రెండు మంచాలని బుక్ చేస్తే ఒకే మంచం, పైగా సిగరెట్ కంపు. అరగంట వాదించాక మార్చారు, వదిలేయండి.

తెల్లారి ఊళ్లో దిగాక ఆ చిరాకంతా పోయింది. 1733లో జేమ్స్ ఓగల్‌థార్ప్ అనే ఇంగ్లండ్ ఆయన ఈ ఊరికి నమూనా గీశాడు, మధ్యలో ఒక ఖాళీ చౌరస్తా, చుట్టూ ఇళ్లు, అదే నమూనాను పెంచుకుంటూ పోయి 24 స్క్వేర్‌లు చేశారు, ఇప్పుడు 22 మిగిలాయి. నాలుగడుగులు వేస్తే ఒకటొస్తుంది, నీడా బెంచీలూ ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి ఇంతకన్నా మంచి ఊరు అమెరికాలో నేను చూడలేదు. ఓక్ కొమ్మల నుంచి సాధువు జడల్లా వేలాడేదాన్ని స్పానిష్ మాస్ అంటారు, అది స్పెయిన్‌దీ కాదు, నాచూ కాదు, అనాస కుటుంబానికి చెందిన మొక్క.

నది ఒడ్డున రివర్ స్ట్రీట్‌కి దిగే రాతి మెట్లు మాత్రం నిట్టనిలువు, బాపుని ఇద్దరం పట్టుకుని దించాల్సొచ్చింది. కింద నేలకి పరిచినవి ఒకప్పుడు ఓడలు బరువు కోసం మోసుకొచ్చిన రాళ్లు. పైన గట్టుకీ పాత పత్తి గోదాములకీ మధ్య ఇనప వంతెనలు, ఆ దారి పేరు ఫ్యాక్టర్స్ వాక్. నేను ఫ్యాక్టరీలేమో అనుకున్నా. కాదట, ప్లాంటేషన్ యజమానుల పత్తి అమ్మిపెట్టి కమీషన్ తీసుకునేవాళ్లను ఫ్యాక్టర్లు అనేవారు, వచ్చే పంట మీద ముందే అప్పులు కూడా ఇచ్చేవాళ్లు. నేనిదంతా ఫోన్‌లో చూసి వివరిస్తుంటే బాపు మధ్యలోనే ఆపాడు. "అడ్తిదార్లు గదా, గింత సేపు జెప్తానవేంది?" ఏనుమాముల మార్కెట్‌లో నలభై ఏళ్లు పత్తి అమ్మినాయనకి నేను చెప్పడమేంటి! కింద బండ్లలో వచ్చే పత్తిని ఆ వంతెనల మీంచి చూసి ధర కట్టేవారని చెప్తే ఒకటే ప్రశ్న, "మీదికెళ్లి జూస్తే తేమ ఎట్ల దెలుస్తది?" దానికి నా దగ్గర జవాబు లేదు.

మధ్యాహ్నం గ్రిట్స్ తెప్పించాం. అమ్మ చెంచాతో కదిపి చూసి "ఇది మక్క గటకే గదనే" అంది. అవును, అదే. రొయ్యలు వద్దని చెప్పి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మామిడికాయ తొక్కు తీసింది. పక్క టేబుల్ వాళ్లు ఏమనుకుంటారోనని నాకు టెన్షన్, ఆమెకేం లేదు.

తర్వాత ఓవెన్స్-థామస్ హౌస్. 1819లో కట్టిన మేడ, వెనక బానిసలు ఉన్న గదులు. విచిత్రం ఏమిటంటే జార్జియాని ఇంగ్లండ్ వాళ్లు కాలనీగా పెట్టినప్పుడు బానిసత్వం నిషేధం, 1735లో చట్టం కూడా చేశారు. 1751 వచ్చేసరికి ఎత్తేశారు. 1793లో ఈ ఊరి దగ్గరి ప్లాంటేషన్‌లోనే ఎలీ విట్నీ జిన్నింగ్ మిషన్ తయారు చేశాడు. గింజ తీయడం సులువయ్యాక ఎంత పత్తి వేసినా చెల్లింది, వేయడానికీ ఏరడానికీ ఇంకా ఇంకా మనుషులను కొన్నారు. 1859 మార్చిలో ఇక్కడి గుర్రప్పందేల మైదానంలో రెండు రోజుల్లో నాలుగు వందల మందికి పైగా బానిసలను వేలం వేశారు. ఆ గదుల పైకప్పుకి వేసిన నీలం రంగు ఇంకా కనిపిస్తుంది. నీలిమందు, సున్నం, మజ్జిగ కలిపిన రంగట, దయ్యాలు రాకుండా. "దిష్టికి" అంది అమ్మ. బాపు ఆ పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు, గైడ్ తర్వాతి గదికి వెళ్లిపోయినా కదల్లేదు.

అమెరికా అంతర్యుద్ధంలో 1864 డిసెంబర్‌లో ఉత్తరాది సైన్యం జనరల్ షెర్మన్ ఈ ఊరు పట్టుకుని, దాదాపు పాతిక వేల పత్తి బేళ్లతో సహా లింకన్‌కి క్రిస్మస్ బహుమతిగా ఇస్తున్నానని టెలిగ్రామ్ కొట్టాడు. ఆ యుద్ధంలో దక్షిణాది ఓడరేవులు మూతపడి మాంచెస్టర్ మిల్లులు మన దేశపు పత్తి కోసం ఎగబడ్డాయి, యుద్ధం ఆగగానే ధర పడిపోయింది. బాపు అన్నీ విని "గదే కథ" అన్నాడు.

సముద్రం మర్నాడు టైబీ దీవిలో చూశాం. లైట్‌హౌస్ 178 మెట్లు మా ఆయన ఒక్కడే ఎక్కాడు. బాపు పాదాలు తడుపుకుని "నీళ్లు సల్లగున్నయ్" అన్నాడు, అంతే.

తిరుగు ప్రయాణంలో అదే ఎగ్జిట్ దగ్గర ఆపమన్నాడు. గట్టు మీద గాలికి కొట్టుకొచ్చిన పత్తి కొంచెం ఏరి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య లాగి చూసి "పింజ మంచిగుంది" అన్నాడు. ధరెంతో చూడమంటే ఫోన్‌లో పౌండుకి సెంట్లలో ఉంది, క్వింటాలుకి రూపాయల్లోకి మార్చి చెప్పా. ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే "అది దూది ధరా, పత్తి ధరా?" అన్నాడు. చూస్తే దూదిదే. గింజ బరువు తీసేసి మళ్లీ లెక్క మొదలుపెట్టాడు, మేకన్ వచ్చేదాకా తెగలేదు.